బండికి గడప పెట్టిన అత్త

మొన్న సత్తెనపల్లిలో టీకొట్టు ముందు ఆగి ఉన్న లారీ కింద ఒక కుక్క పడుకుని ఉంది. సరిగ్గా చక్రాల మధ్య, ఇరుసు నీడ పడిన చోట, అద్దెకు దిగిన మనిషిలా కాళ్లు చాపుకుని పడుకుంది. డ్రైవరు వంగి దాన్ని అదిలిస్తున్నాడు.

"లేవే తల్లీ, బండి తియ్యాల."

అది ఒక కన్ను తెరిచి, తీస్తే తియ్యి, నేనూ వస్తాగా అన్నట్టు చూసి మళ్లీ మూసుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఏంది పెద్దాయనా, టీలో ఈగ పడిందా?" అన్నాడు కొట్టతను.

"ఈగ గాదయ్యా, మా అత్త పడింది" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. ఎట్లా అవుతుంది? ఆమె మట్టిలో కలిసి చాలా ఏళ్లయింది. నన్ను ఆపింది ఆ కుక్క కూడా కాదు, అది ఎంచుకున్న చోటు. మా పల్నాడులో కుక్కలకు అది పాత అలవాటు. బండి కదిలితే అవి బండి కిందికి దూరి, ఆ కదిలే నీడలోనే నడిచేవి. మా అత్త కుక్క అట్లా మాచర్ల వైపు నుంచి బయల్దేరి సగం జిల్లా నడిచింది.

ఆమె మా నాన్న చెల్లెలు. పేరు చెబితే ఆమెకు కోపం. "పేరు బాప్తిస్మానికీ సమాధికీ గదరా, మధ్యలో ఎందుకు?" అనేది. అందుకని నేనూ చెప్పను. పొట్టి మనిషి. ఆరిపోయిన చుట్టముక్క ఒకటి ఎప్పుడూ నోట్లో ఒక మూల ఉండేది. మా మామ పోయిన రోజున ఆయన రొంటిన దొరికిందట అది. ముట్టించదు, పారెయ్యదు. ఒక్క చుట్టముక్క అన్నాళ్లు ఎట్లా నిలిచిందని మీరు అడగకండి. నేను అడిగి చీపురుదెబ్బ తిన్నాను.

పిల్లల్లేరు. అయినా మేనత్తలందరిలాగే నన్ను "అల్లుడూ" అని పిలిచేది.

"పిల్లనియ్యకుండా అల్లుడంటే ఎట్టా అత్తా?" అని ఏడిపించేవాణ్ణి.

"నీకియ్యాల్సొస్తదనే ఆ ప్రభువు నాకు పిల్లనియ్యలేదురా" అనేది.

తెల్లవారి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లితేగాని ఆమెకు పొద్దు పొడిచినట్టు కాదు. కరువు ముదిరి, బిందె అడుగున తడి కూడా లేని రోజుల్లోనూ ఆ పని మానలేదు. ఖాళీ బిందెలో చెయ్యి పెట్టి, తీసి, వేళ్లు విదిలిస్తూ వాకిలంతా తిరిగేది. ఒక్క చుక్క పడేది కాదు.

"ఏం చల్లుతున్నావత్తా?"

"కనపడటల్లా? నీళ్లు."

"నాకేం కనపడటల్లేదు."

"మూడో తరగతిలో బడి మానేస్తే ఇట్టాగే ఉంటది."

నేను బడి మానేసిన మాట నిజమే. నిజం చెప్పాలంటే బడే నన్ను మానేసింది. అది వేరే కథ.

మా పాలెంలో సొంత ఎద్దుల జత ఉన్న మొదటి ఇల్లు ఆమెది. మామ బతుకంతా పరాయి ఎద్దుల వెనక నడిచాడు. చివరికి రెండు దూడలను తెచ్చి, సాకి, కాడికి మరిపి, నడక నేర్పి, ఒక్క పంటకారు దున్ని పోయాడు. ఎర్రటి రంగుది పుల్లడు. బూడిదరంగుది మైలడు. ఆమె వాటితో మాట్లాడినంత మర్యాదగా మాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఇక కుక్క సంగతి. అది పని చెయ్యదు, వేళకు తింటుంది, పడుకున్న చోటినుంచే అందరినీ అదిలిస్తుంది. అందుకని దానికి 'దొర' అని పేరు పెట్టింది. గుర్రమెక్కి పోయే రెవిన్యూ అధికారి ఒకసారి మా పాలెం పక్కగా వెళ్తుంటే, "ఒరేయ్ దొరా, ఆ పెంటకుప్ప దిగి రారా!" అని ఆమె గట్టిగా కేకేసింది. ఆ తర్వాత పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, కుక్క పేరు మార్చమని బతిమాలాడు. మార్చలేదు.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలుకు కంట్రోలు, గుడ్డకు కంట్రోలు. వానకు ఎవరు కంట్రోలు పెట్టారో తెలియదు. అంతకుముందు ఏడూ అంతంతమాత్రమే. ఆ ఏడు మృగశిర వెళ్లిపోయింది, ఆరుద్ర వెళ్లిపోయింది, చినుకు లేదు. పడమటి గాలి నేల మీది దుమ్మంతా ఎత్తి మా కళ్లలో పోసేది. జొన్నచొప్ప అయిపోయింది. అత్త ఇంటి కప్పు మీది బోదగడ్డి పీకి ఎద్దులకు వేసింది. కొద్దిరోజులకు ఇంట్లో పడుకుంటే చుక్కలు కనిపించేవి.

"పైనించి ప్రభువుకు మనం ఇప్పుడు బాగా కనపడతాంలే" అంది.

ఎద్దులను సంతలో కసాయివాళ్లకు ఇచ్చెయ్యమని అందరూ చెప్పారు. చెప్పినవాళ్లలో పక్కింటి పిన్ని గొంతు పెద్దది. "మేపలేనిదాన్ని ఎన్నాళ్లు పెట్టుకుంటావొదినా?" అంది.

"నువ్వు మీ ఆయన్ని పెట్టుకోలా? ముందు ఆయన్ని తోలుకపో సంతకి. నా ఎద్దులు వెనకాల వస్తయ్" అంది అత్త.

పిన్ని మొగుడు అక్కడే అరుగు మీద ఉన్నాడు. తువ్వాలు మొహాన కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. తగాదాకి కూడా ఓపిక లేని రోజులవి.

డెల్టాలో కాలవలు వదిలారనీ, నాట్లు పడుతున్నాయనీ, అక్కడ వరిగడ్డి వాములు వాములుగా ఉందనీ కబురొచ్చింది. కూలికి పోయేవాళ్లు రైలెక్కి పోతున్నారు. ఎద్దులకు రైలు లేదు గదా. అత్త ఒకరోజంతా ఎద్దుల దగ్గరే కూర్చుని, చివరికి నన్ను పిలిచింది.

"రెండిటినీ కాలవ నీళ్లకు మూతి తగిలించాల. ఆ తర్వాత నేను యాడ పడి చచ్చినా సరే. వస్తావా?"

"ఊరికే తోలుకపోతే పోదా? బండెందుకు?"

"నీళ్లకుండలు నీ నెత్తిన పెట్టుకుంటావా? గడ్డి నీ వీపున మోస్తావా? పైగా ఇల్లు వదిలేసి పోతామంట్రా?"

ఇల్లెక్కడుంది? కప్పు ఎద్దుల కడుపులో ఉంది. మిగిలిన తలుపులూ దూలాలూ బండి అయినాయి. చేనిగట్టున ఉన్న నల్లతుమ్మ కొట్టించి చక్రాలు చేయించింది. అక్కడే జరిగింది తప్పు. తుమ్మ కర్రను కొట్టగానే వాడరు. చెరువు బురదలో నెలల తరబడి నానబెట్టి, తీసి, నీడన ఆరబెట్టాలి. చెరువు ఎండి పగిలి పడి ఉంది. ఆమెకు ఆగే తీరిక లేదు.

వడ్రంగి ఆచారి తల పట్టుకున్నాడు. "పచ్చి కర్రమ్మా ఇది. తానింకా చెట్టుననే అనుకుంటంది. ఈ ఎండకి కుంచించుకుపోద్ది. పైన ఇనపపట్టా నిలవదు."

"కాలవదాకా నిలిస్తే చాలయ్యా. అక్కడ నీళ్లు తాగి అదే బిగుసుకుంటది."

ఇనపపట్టా ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తేనే అది కరుచుకుంటుంది. ఆ నీళ్లు యాడనుంచి తేవాలి? పాలెంలో ఇంటికొక చెంబు తెచ్చి పోశారు. పక్కింటి పిన్ని కూడా తెచ్చింది. చెంబు వంచుతూ, "నా మొగుడు తాగాల్సిన నీళ్లు తాగతంది నీ చక్రం" అని మాత్రం అనకుండా ఉండలేకపోయింది.

బండి తయారైంది. ఈతచాపల గూడు, కింద తడికె. అత్త దానికి పాత ఇంటి గడపలోంచి ఒక ముక్క కోయించి, వెనక వైపు, ఎక్కే చోట కొట్టించింది. బండికి గడప ఏమిటని ఆచారి నవ్వి నవ్వి బాడిసె కింద పడేసుకున్నాడు. ఆమె నవ్వలేదు. పైగా చాపతెరకు గొళ్లెం కూడా బిగించమంది. చాపకు గొళ్లెం! దొంగ చాపను పక్కకు జరిపి లోపలికి రావచ్చు గదా అంటే, "మర్యాద తెలిసిన దొంగ గొళ్లెం చూసి ఆగతాడు, తెలియనోడికి తాళమైనా ఒకటే" అంది.

కాపురం పెట్టడం అంటే ఏమిటో నేను ఆ బండిలో చూశాను. మొదటి మజిలీలోనే సామాను మూడుసార్లు దించి ఎక్కించింది. ఉట్టి ఎక్కడ వేలాడాలి, చేట ఎక్కడ చెక్కాలి, తెడ్డు ఏ వైపు తిరగాలి, నీళ్లకుండలు ఏ మూల కూర్చోవాలి, అన్నిటికీ నాతో తగాదా. పొయ్యిరాళ్లు మూడు ఇంటినుంచే తెచ్చింది.

"పల్నాట్లో రాళ్లకు కరువా అత్తా? అడుగడుక్కీ తగలబట్టేగా ఈ బండి ఇట్టా ఊగేది?"

"పరాయి రాయి మీద ఉడికిన గంజి నాకు సయించదు."

బండి ఎక్కాలంటే కాళ్లు దులుపుకోవాలి. గడప తొక్కకూడదు, దాటాలి. నేను బండి నడిపేవాణ్ణి గదా, ముందునుంచి ఎక్కుతానంటే, "దొడ్డిదారిన వచ్చే అలవాటు మీ నాయనదిలే" అంది. ఆమె అన్నగారినే తిడుతోందని గుర్తు చేస్తే, "నాకు తెలవదా? పెంచింది నేను గాదుగా" అంది. పడుకోవడానికి నాకు దొరికిన చోటు బండి కింద, దొర పక్కన. వాడు నాకంటే ముందే అక్కడ స్థిరపడ్డాడు. నేను జరగమంటే గుర్రుమనేవాడు. పైనించి అత్త, "వాడి ఇంట్లో నువ్వు చుట్టానివి, సర్దుకో" అనేది.

తెల్లవారి ఆగిన చోటల్లా ఆమె దిగి, బండి వెనక గడపకు ఎదురుగా, జానెడు నేల ఊడ్చేది. ఖాళీ చెంబులో చెయ్యి ముంచి విదిలించేది. రోడ్డున పోయే బండ్లవాళ్లు ఆగి చూసేవారు. బొగ్గుపొగతో నడిచే బస్సు ఒకటి రొప్పుతూ మమ్మల్ని దాటుతూ ఉంటే, కిటికీలోంచి ఎవరో అరిచారు: "ఏమ్మా, ఏం చల్లుతున్నావు?" నేను అందుకుని, "మా అత్తకు కాలవ ఇప్పుడే కనపడతంది, మీకింకా దూరం!" అన్నాను. ఆమె నవ్వింది. ఆ ప్రయాణంలో ఆమె నవ్వింది రెండుసార్లే. అది మొదటిది.

గురజాల దాటామో లేదో ఒక చక్రం మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు టకటక అంది. తర్వాత పట్టాకీ కర్రకీ మధ్య గోరు దూరేంత సందు పడింది. ఆచారి చెప్పినట్టే కర్ర ఎండి కుంచించుకుపోతోంది. సందులో గుడ్డపేలికలు కుక్కి, రాయితో కొట్టాం. ఒక మజిలీ నడిచింది. గోరు దూరే సందు వేలు దూరే సందు అయింది. చేట విరగ్గొట్టి వెదురుముక్కలు దిగ్గొట్టాం. అవి కూడా వదులైతే తెడ్డు పిడి. తర్వాత ఉట్టికర్ర. ఆ తర్వాత మంచం కోడు. ఇంట్లోంచి వస్తువు ఒక్కొక్కటే చక్రంలోకి పోతోంది.

"అత్తా, గడప కూడా కోసి కొడదామా?"

"నిన్ను కోసి కొడతా. నువ్వు ఎండిపోయావుగా, బాగా బిగుస్తావు."

మాటలు ఇట్లాగే ఉండేవి. కాని ఆమె కళ్లు చక్రం మీద ఉండేవి కావు. ఎద్దుల డొక్కల మీద ఉండేవి. మైలడు వెనకబడుతున్నాడు. కాడి వాడి వైపు వాలుతోంది. పుల్లడు తన బరువు, వాడి బరువు కూడా లాగుతున్నాడు. రోడ్డు కాలిపోతుంటే దొర అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒక పొద్దున ఆమె వాణ్ణి ఎత్తుకుని, కాళ్లు తన కొంగుతో తుడిచి, గడప దాటించి లోపల కూర్చోబెట్టింది.

"నన్ను ఎత్తుకోవా?" అన్నాను.

"నీ కాళ్లకు బొబ్బలు రానీ, చూద్దాం."

వచ్చాయి. చెప్పలేదు.

పిడుగురాళ్ల కూడా దాటాక ఒక ఊరి పొలిమేరలో మోట బావి కనిపించింది. బావి పక్కన రాతితొట్టి ఉంది. మా పాలెం వాళ్లం ఊళ్లవాళ్ల బావులు ముట్టగూడని రోజులవి. ఎద్దులు తొట్టిదాకా పోవచ్చు. దొర కూడా పోవచ్చు, పోయాడు. మేమిద్దరం తంగేడు పొద దగ్గర ఆగి, ఎవరైనా దయతలిచేదాకా నిలబడాలి. నాలుగుకాళ్లు ఉంటే ఎంత లాభమో ఆ రోజు తెలిసింది.

బావి తాలూకు రైతు తల్లి కాబోలు, పెద్దావిడ. తొట్టిలో నీళ్లు పోయించింది. ఎద్దులు తాగుతుంటే వాటి గొంతుల్లో గుటకలు ఎక్కడం చూస్తూ అత్త పెదవులు కూడా కదులుతున్నాయి. తొట్టి అడుగంటింది. మైలడు ఖాళీ రాయిని నాకుతున్నాడు.

"అమ్మగారూ, ఇంకొక్క కుండ పోయించండమ్మా, కుక్కకి" అంది అత్త.

ఆవిడ మా కుండకు తగలకుండా ఎత్తునుంచి నీళ్లు పోయించింది. అత్త కుండ తీసుకుని బండి దగ్గరికి వచ్చి, అందులో సగం చక్రం మీద పోసేసింది. ఆవిడ చూడనే చూసింది.

"ఏమే! కుక్కకని అడిగి చక్రానికి పోస్తివి?"

"ఆ చక్రం ఊడి కుక్క మీద పడితే కుక్కకి నీళ్లెందుకమ్మా?"

ఆవిడకు నవ్వు వచ్చింది. వచ్చింది కాబట్టే ఇంకో కుండ నిండా పోయించి, "ఇక అడగమాక. బావి అడుగు కనపడతంది. మళ్లీ ఊరేదాకా మా గొడ్లకే లేవు" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. చేద గీసుకుంటున్న చప్పుడు మాకూ వినిపించింది.

మిగిలిన సగం మేమూ దొరా తాగి, ఆ నిండుకుండ ఎక్కించుకుని బయల్దేరాం. అవతల వాగు ఉందన్నారు, వాగులో నీళ్లున్నాయని ఎవరూ అనలేదు. మధ్యాహ్నానికల్లా పడమటి గాలి చక్రాన్ని పీల్చేసింది. సగం తడిసి సగం ఎండిన కర్ర మరీ మోసం. పట్టా ఒక వైపుకు బొటనవేలంత బయటికి జరిగింది. అదే సమయంలో మైలడు ఆగిపోయాడు. నాలుక బయట పెట్టి, ముందుకాళ్లు వెడల్పు చేసి నిలబడ్డాడు.

అత్త కుండ పట్టుకుని దిగింది. ఒక పక్క చక్రం. ఇంకో పక్క ఎద్దు. మధ్యలో ఆమె.

"ఎద్దుకు పొయ్యత్తా" అన్నాను. నాకు అప్పుడు హాస్యం తోచలేదు.

"చక్రం పోతే బండి పోద్ది. బండి పోతే గడ్డి పోద్ది, గంజి పోద్ది. అప్పుడు ఎద్దులు రెండూ పోతయ్. వాడు ఈ ఒక్క పూట ఓర్చుకుంటాడు. ఓర్పు లేంది చక్రానికేరా."

పోసింది. చక్రం చుట్టూ తిరుగుతూ, ఒక్కొక్క ఆకు కర్ర మీదా, సందుల్లోకీ, చేత్తో అదుముతూ పోసింది. నీళ్ల చప్పుడుకు మైలడు తల తిప్పాడు. కాడి అడ్డం. మెడ ఎంత సాచినా వాడికి చక్రం అందదు. దొర బండిలోంచి దూకి, కిందికి దూరి, కారుతున్న చుక్కలు నాకుతున్నాడు. వాడి నాలుక చప్పుడు వినపడుతున్నంతసేపూ మైలడు అటే చూశాడు. అత్త వాడి వైపు చూడలేదు. కుండ బోర్లించి, అడుగున చేత్తో తుడిచి, ఆ తడిచెయ్యి మాత్రం తీసుకెళ్లి వాడి ముట్టె మీద రాసింది.

సాయంత్రం వాగు వచ్చింది. ఇసుక. వాగు మధ్యలో మైలడు మోకాళ్ల మీద కూలాడు. కాడి విప్పాం. ఇసుకలో చెలమ తీయడానికి నేను చేతులతో తోడాను, మోచేతుల లోతుకు తోడితే చెమ్మ తగిలింది గానీ ఊట రాలేదు. అత్త వాడి తల ఒళ్లో పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అంత గట్టిగా, అంత మర్యాద లేకుండా దేవుడితో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

"ప్రభువా, నువ్వు పుట్టింది పశువుల పాకలోనే గదా? నీ మొహమ్మీద ఊపిరి వదిలి నిన్ను ఎచ్చగా ఉంచింది ఒక ఎద్దే గదా? ఆ మొహం మర్చిపోయావా? అదే ఇది! ఇదే మొహం, చూడు! ఒక్కసారి కిందికి చూడు!"

చీకటి పడకముందే వాడు పోయాడు.

ఆమె ఏడవలేదు. నోట్లోంచి చుట్టముక్క తీసి చూసి, "అగ్గిపెట్టుందా?" అంది. ఇచ్చాను. మామ పోయినప్పటి నుంచి ముట్టించని ఆ ముక్కను ముట్టించి, ఒక్కటే దమ్ము లాగి వదిలింది. పొగ నిటారుగా పైకి లేచింది.

"ఏం చేస్తున్నావత్తా?"

"ఆయనకి కబురు చెప్పొద్దా? నీ పెళ్లాం చక్రానికి నీళ్లు పోసి ఎద్దును చంపిందని."

అప్పుడు కూడా ఏదో ఒకటి అని నవ్వించాలని చూశాను. నోరు తెరిస్తే ఇసుక వచ్చింది.

మర్నాడు మైలడి చోట నేను భుజం పెట్టాను. ఒక వైపు పుల్లడు, ఒక వైపు నేను. వాగు గట్టెక్కించేసరికి చక్రం ఒక్క మూలుగు మూలిగింది. పట్టా ఊడి, తనే ముందు వెళ్లి దారి చూసొస్తానన్నట్టు రోడ్డు వాలున దొర్లుకుంటూ పోయింది. దొర మొరుగుతూ దాని వెనక పరిగెత్తాడు. పట్టా ముందు, కుక్క వెనక, దుమ్ములో కలిసిపోయారు. నేను కాడి కింద కూలబడి నవ్వాను. అత్త నన్ను చూసి, రోడ్డును చూసి, తనూ నవ్వింది. నవ్వుతూనే ఉంది. నాకు భయమేసింది. ఆమె నవ్వింది అది రెండోసారి.

పట్టా వెతికి తెచ్చి మళ్లీ తొడిగాం. దిగ్గొట్టడానికి ఇంట్లో ఇక ఏమీ మిగల్లేదు, ఒక్క మామ ముల్లుకర్ర తప్ప. ఎద్దులను కాడికి మరిపింది దానితోనే. ఆమె దాన్ని మోకాలికి ఆనించి విరిచి నా చేతికిచ్చింది. "కొట్టు" అంది. కొట్టాను. సత్తెనపల్లికి ఇవతల ఒక పాలెందాకా ఈడ్చగలిగాం, అంతే. మా సంఘం వాళ్లే. ఒక ముసలాయన, "నా పాక పక్కన పెట్టు చెల్లా, నేను చూస్తాలే" అన్నాడు.

బండిని అక్కడ వదిలే ముందు ఆమె లోపలంతా ఊడ్చింది. గొళ్లెం వేసింది. గడప ముందు జానెడు నేల ఊడ్చి, ఖాళీ చెంబులో చెయ్యి పెట్టి విదిలించింది. ముసలాయన నా వైపు చూసి కణత మీద వేలు పెట్టుకుని, తేడానా అని సైగ చేశాడు. నేను కాదని తల ఊపాను. ఎందుకు కాదో నేనూ చెప్పలేను.

పుల్లణ్ణి తోలుకుని కాలవకు చేరాం. నిండు కాలవ. వాడు గట్టుదిగి, మూతి ముంచి, డొక్కలు నిండేదాకా తాగాడు. అత్త గట్టు మీదే నిలబడి, వాడి పక్కన ఖాళీగా ఉన్న చోటునే చూస్తూ ఉంది. నీళ్లు తాగమంటే తాగలేదు. దొర తాగి వచ్చి నీడ కోసం చుట్టూ చూశాడు. బండి లేదు. పుల్లడి పొట్ట కిందికి దూరి పడుకున్నాడు.

భాద్రపదంలో వానలు పడ్డాయి. అప్పటికి మేం కూలికి వేస్తున్న నాట్లు అయిపోయాయి. డెల్టా గడ్డి తిని పుల్లడు కాస్త ఒళ్లు చేశాడు. తిరిగి బయల్దేరాం. సత్తెనపల్లి ఇవతలి పాలేనికి వచ్చేసరికి దారంతా బురద. బండి అక్కడే ఉంది. చాపగూడు మీద ఎవరిదో సొరతీగ పాకింది. ముసలాయన మాట నిలబెట్టుకున్నాడు, గొళ్లెం కూడా తీయలేదు. అత్త సరాసరి చక్రం దగ్గరికి పోయి, వేలి కణుపులతో పట్టా మీద కొట్టింది. ఖంగున మోగింది. వానకు నాని నాని ఆ పచ్చి తుమ్మ ఉబ్బి, పట్టాను లోపలినుంచి పట్టేసింది. చేటముక్కలు, తెడ్డు పిడి, మంచం కోడు, ముల్లుకర్ర, అన్నీ పుట్టుకతో అక్కడే ఉన్నట్టు కరుచుకుని ఉన్నాయి. వెంట్రుక దూరదు.

ఆమె మామ ముల్లుకర్ర కొసను రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులా పట్టుకుని, చక్రానికి కాలు తన్ని లాగింది. కదల్లేదు. వదిలేసి, ఊపిరి పీల్చుకుని, చక్రం వైపు చూసింది.

"ఇప్పుడు బిగిశావా? ఆ రోజు పోసిన కుండెడు నీళ్లు ఇప్పుడు గుర్తొచ్చినయ్యా నీకు?"

ఆమె వెళ్లి పుల్లణ్ణి కాడికి కట్టింది. రెండో వైపు కాడి నేల మీద ఆనుకుని ఉంది. కొంగు బిగించి, వంగి, దాన్ని తన భుజానికి ఎత్తుకుంది.

"దించత్తా, నేను పడతా."

"నీ వంతు వాగు దగ్గర అయిపోయింది. వెనకనించి తొయ్యి."

నేను వెనక్కి నడిచాను. దొర మాత్రం ఎవరూ పిలవకుండానే బండి కిందికి పోయి, రెండు చక్రాల మధ్య తన చోట నిలబడి, ఇంకా కదలరేం అన్నట్టు మా వైపు చూశాడు.